నెలలు నిండని బిడ్డకు వెంటిలేటర్ ఎప్పుడు తీస్తారు?

[దృశ్యం: ఎన్‌ఐసీయూలో (నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్ విభాగంలో) వెచ్చదనమిచ్చే వార్మర్ కింద కిలో బరువైనా లేని బిడ్డ, నోట్లో సన్నని ట్యూబ్, పక్కన మానిటర్]

నమస్కారం. 27వ వారంలోనే పుట్టిన బిడ్డ వెంటిలేటర్ మీద ఉన్నప్పుడు తల్లిదండ్రులు ప్రతి ఉదయం అడిగే మాట ఒకటే: "ట్యూబ్ ఎప్పుడు తీస్తారు, డాక్టర్ గారూ?" దీనికి ఫలానా తేదీ అని ముందే చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. అయితే వైద్యులు ఆ నిర్ణయానికి ఎలా వస్తారో తెలిస్తే, రోజూ చెవిన పడే అంకెల అర్థమైనా మీకు బోధపడుతుందన్న ఉద్దేశంతో ఈ వీడియో చేస్తున్నాం.

ఊపిరి వదిలిన ప్రతిసారీ ఊపిరితిత్తుల్లోని చిన్న గాలిగదులు ముడుచుకుని అతుక్కుపోకుండా సర్ఫాక్టెంట్ అనే పలుచని పూత కాపాడుతుంది. గర్భంలో అది సుమారు 24వ వారం నుంచి తయారవడం మొదలైనా, చాలినంతగా ఊరేది 34, 35 వారాలకే. అంతకు ముందే పుట్టిన బిడ్డ పక్కటెముకలు మెత్తగా ఉంటాయి, శ్వాసను నడిపే మెదడు కేంద్రం కూడా ఇంకా పక్వానికి రాదు. అందుకే కొందరికి వెంటిలేటర్ తప్పదు.

ప్రాణం నిలిపే ఆ యంత్రమే రోజులు గడిచేకొద్దీ లేత ఊపిరితిత్తులను గాయపరుస్తుంది. 1967లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో విలియం నార్త్‌వే బృందం ఈ స్థితిని తొలిసారి వర్ణించి, బ్రాంకోపల్మనరీ డిస్‌ప్లేసియా అని పేరు పెట్టింది. కనుక ట్యూబ్ తీయడంలో ఆలస్యం చేసినా నష్టమే, తొందరపడి తీసి మళ్లీ వేయవలసి వచ్చినా నష్టమే.

[దృశ్యం: వెంటిలేటర్ తెర మీద ఆక్సిజన్ శాతం, పీడనం, నిమిషానికి శ్వాసల సంఖ్య]

వైద్యులు మొదట చూసేది ఈ తెరనే. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతం. బిడ్డకు ఇస్తున్నది సుమారు 30 శాతానికి దిగి, పీడనమూ యంత్రం ఇచ్చే శ్వాసలూ తగ్గించినా శాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ స్థాయి, నిలకడగా ఉండి, రక్తపరీక్షలో కార్బన్ డయాక్సైడ్ మితిమీరకపోతే, సమయం దగ్గరపడిందని భావిస్తారు. కొన్ని చోట్ల యంత్రం శ్వాసలు ఆపి, కొద్ది నిమిషాల పాటు బిడ్డ తనంతట తాను ఊపిరి తీసుకోగలదో లేదో పరీక్షిస్తారు. ఈ పరీక్ష ఒక్కదాన్నే నమ్ముకోవడం సరికాదని నా అభిప్రాయం. అంత చిన్న బిడ్డకు వేసే ట్యూబ్ లోపలి వెడల్పు 2.5 మిల్లీమీటర్లే కాబట్టి, దాని గుండా ఊపిరి పీల్చడమే ఒక భారం; కొద్ది నిమిషాలు నెగ్గిన బిడ్డ మర్నాటికి అలసిపోవచ్చు కూడా.

ఈ దశలో బిడ్డకు అండగా నిలిచే మందు కెఫీన్, అవును, మన కాఫీలో ఉండే కెఫీనే. అది మెదడులోని శ్వాస కేంద్రాన్ని ఉత్తేజపరుస్తుంది. కెనడాకు చెందిన బార్బరా ష్మిట్ నాయకత్వంలో, 500 నుంచి 1250 గ్రాముల బరువుతో పుట్టిన 2006 మంది శిశువులపై జరిగిన పరీక్ష ఫలితాలు 2006లో వెలువడ్డాయి. కెఫీన్ పొందిన వారిలో సుమారు 36 శాతం మందికి, పొందని వారిలో సుమారు 47 శాతం మందికి నార్త్‌వే వర్ణించిన ఊపిరితిత్తుల జబ్బు వచ్చింది. కెఫీన్ పొందిన పిల్లలు శ్వాస యంత్రాల సాయం నుంచి దాదాపు వారం ముందే బయటపడ్డారు. చవకైన ఒక పాత మందు ఇంత మేలు చేయడం నవజాత శిశు వైద్యంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కదిలించిన విషయం.

[దృశ్యం: నీటి సీసాలో బుడగలు, బిడ్డ ముక్కుకు చిన్న గొట్టాలు]

ట్యూబ్ తీసిన వెంటనే బిడ్డను పూర్తిగా తన మానాన వదిలేయరు. ముక్కు ద్వారా నిరంతరం కొద్దిపాటి పీడనంతో గాలినిచ్చే సీప్యాప్ పెడతారు. 1971లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జార్జ్ గ్రెగరీ బృందం ఈ పద్ధతి ఫలితాలను ప్రచురించింది. బబుల్ సీప్యాప్‌లో బయటికి పోయే గాలి గొట్టాన్ని నీటిలో 5 సెంటీమీటర్లు ముంచితే దాదాపు అంతే పీడనం నిలుస్తుంది. మీకు వినిపించే బుడబుడ శబ్దం దానిదే.

తర్వాతి మూడు రోజులు కీలకం. 20 సెకన్లు దాటి ఊపిరి ఆగినా, గుండె వేగం పదేపదే పడిపోయినా, ఆక్సిజన్ అవసరం పెరుగుతూ పోయినా మళ్లీ ట్యూబ్ వేయవలసి రావచ్చు. అది బిడ్డ ఓటమి కాదు, మీ తప్పు అంతకన్నా కాదు; ఇన్ఫెక్షన్, గొంతు వాపు, పుట్టాక మూసుకోవలసినా మూసుకోని గుండె దగ్గరి రక్తనాళం వంటి కారణాలకు చికిత్స చేసి మళ్లీ ప్రయత్నిస్తారు. బిడ్డ నిలకడగా ఉంటే సీప్యాప్ మీద ఉండగానే కంగారూ కేర్‌కు, అంటే తల్లి గుండెల మీద పడుకోబెట్టడానికి, అనుమతిస్తారు, తప్పక అడగండి.

చివరిగా ఒక మాట. ట్యూబ్ స్వరతంత్రుల మధ్య నుంచి వెళ్తుంది కాబట్టి, అది ఉన్నంత కాలం బిడ్డ ఏడ్చినా శబ్దం రాదు. తీసిన తర్వాత మీరు మొదటిసారి వినే ఏడుపు బొంగురుగా ఉంటే భయపడకండి, సాధారణంగా కొన్ని రోజుల్లో తేటపడుతుంది. ఊపిరి తీసుకునేటప్పుడు గరగర శబ్దం వస్తుంటే మాత్రం వెంటనే నర్సుకు చెప్పండి.