చీమల బారు కనపడగానే స్ప్రే కొట్టకండి, నేను కొట్టి చూశాను

ఇదిగో, కెమెరా కొంచెం దగ్గరికి తెస్తున్నాను, చూడండి. మా వంటగట్టు, రాత్రి పదకొండు దాటింది, సింక్ వెనక టైల్ సందులోంచి ఒక బారు బయల్దేరి స్టవ్ పక్కనున్న పంచదార డబ్బా దాకా వచ్చేసింది. నేను ఒక్కదాన్ని కూడా నలపట్లేదు. వెనక మా అమ్మ గొంతు మీకు వినపడుతూనే ఉంటుంది, "వీడియో తీసింది చాల్లే, ముందు మందు కొట్టరా" అని.

పోయిన నెల కొట్టానండి. డబ్బాలో సగం ఖాళీ చేశాను. నాలుగు రోజులు ఒక్క చీమ లేదు, మా ఇంట్లో నేనే హీరో. తర్వాత చూస్తే సింక్ దగ్గర ఒక బారు, వాటర్ ఫిల్టర్ వెనక ఇంకొకటి, స్విచ్‌బోర్డులోంచి మూడోది!

తప్పు మందుది కాదు, నాది. ఏ చీమో చూడకుండా కొట్టాను. దీన్ని దగ్గరగా చూడండి, రెండు మిల్లీమీటర్లు ఉంటుందేమో, తేనె రంగు, వెనక కొస మాత్రం నల్లగా. మనం దీన్నీ ఎర్రచీమే అనేస్తాం, కానీ ఇది ఫారో చీమ. దీని గూట్లో రాణి ఒక్కటే ఉండదు, పదుల్లో ఉంటాయి. స్ప్రే పడి గూటికి ప్రమాదం అనిపించిందా, కొన్ని చీమలు గుడ్లూ పిల్లలూ నోట కరుచుకుని వెళ్లి వేరే సందులో కొత్త కాపురం పెట్టేస్తాయి. అంటే నేను చీమల్ని చంపలేదు, వేరు కాపురాలు పెట్టించాను.

ఇంకా చిన్నగా, తల నల్లగా, వెనక భాగం పాలిపోయి కనపడీ కనపడనట్టు ఉందనుకోండి, అది ఘోస్ట్ చీమ, నలిపి వాసన చూస్తే చెడిపోయిన కొబ్బరి గుర్తొస్తుంది, దానిదీ ఇదే యవ్వారం. పొడుగు కాళ్లతో బారు కట్టకుండా పిచ్చెక్కినట్టు అటూ ఇటూ ఉరికేది క్రేజీ చీమ. పెద్ద నల్ల గండుచీమ గూడు ఎక్కువగా బయట చెట్టు మొదట్లో ఉంటుంది, స్వీట్ల కోసం ఇంట్లోకొచ్చి పోతుంది. కుట్టే ఎర్రచీమ సంగతి మీకు చెప్పక్కర్లేదు, మండి, మర్నాటికి చీము పొక్కు లేస్తుంది, కానీ ఎవరికైనా పెదాలు వాచినా ఊపిరి అందకపోయినా ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి పరిగెత్తండి. వాన పడ్డాక లైటు చుట్టూ మూగే ఉసిళ్లు మాత్రం చీమలే కాదు, అవి రెక్కలొచ్చిన చెదలు. చీమకు నడుం సన్నగా ఉంటుంది, చెదకు అసలు నడుమే కనపడదు.

ఇప్పుడు అసలు విషయం. మనకు కనపడే బారంతా మేత కోసం వచ్చిన కూలీలే, రాణులు గోడ లోపల. చీమకు తన కడుపు కాకుండా ఇంకో సంచి ఉంటుంది, అందులో తీపి నీళ్లు నింపుకెళ్లి గూట్లో వాళ్ల నోటికి అందిస్తుంది, అది నోటి నుంచి నోటికి రాణి దాకా చేరుతుంది. మనం పెట్టే మందు ఆ దారినే పోవాలి. చీమల మందు చాక్‌పీస్ గీత దాటిన చీమను చంపుతుంది, అంతే, రాణికి కబురు కూడా అందదు.

నేను వాడేది బోరిక్ పౌడర్, క్యారమ్స్ బోర్డు మీద చల్లుతారే అది, కాకపోతే ఆ పేరుతో వేరే పొడులూ అమ్ముతారు కాబట్టి డబ్బా మీద బోరిక్ యాసిడ్ అని ఉందో లేదో చూసుకోండి. అర లీటరు గోరువెచ్చని నీళ్లు, 50 గ్రాముల పంచదార, పొడి 5 గ్రాములు, అంటే ఒక చదును టీస్పూన్. బాగా కలిపి, దూది ముంచి సీసా మూతలో పెట్టి బారు పక్కన ఉంచాలి. ఘాటుగా ఉంటే బాగా పనిచేస్తుందని ఇంకో చెంచా వెయ్యకండి, చీమ దారిలోనే చచ్చిపోతుంది, లేదా అసలు ముట్టుకోదు. తీపి ముట్టకపోతే చిటికెడు పల్లీ ముద్దలో కొంచెం పొడి కలిపి పెట్టి చూడండి, వీటి నోరు రోజుకో రకం. పిల్లలకూ కుక్కపిల్లలకూ అందనివ్వొద్దు, ఆ పొడి డబ్బా ఉప్పు పక్కన పెట్టనే పెట్టొద్దు.

మొదటి రోజు చీమలు రెట్టింపవుతాయి, టెన్షన్ పడకండి, మనక్కావలసింది అదే. రెండు మూడు రోజులకోసారి నీళ్లు మారుస్తూ రెండు మూడు వారాలు ఓపిక పట్టాలి. బారు పూర్తిగా ఆగాకే సబ్బునీళ్లతో దారి తుడిచి, సందులో వైట్ సిమెంట్ నింపండి. బాల్కనీలో మందార మొక్కకు పిండినల్లి ఉందేమో కూడా చూడండి, దాని తీపి జిగురు కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి. అన్నట్టు, పొద్దున్నే వాకిట్లో బియ్యప్పిండి ముగ్గేసి చీమలకు విందు పెట్టేదీ మనమే, వంటింట్లో తిట్టేదీ మనమే.

ఇదిగో, మూత చుట్టూ ఎలా మూగాయో చూడండి, ఒకదాని పొట్ట నిండి మెరుస్తోంది, అది వెనక్కి తిరిగింది, సందు వైపే వెళ్తోంది... అమ్మా, ఆ గుడ్డ పక్కన పెట్టు, తుడవకమ్మా!