ఛాతీ అదిరితే సంగీతమా? బరాత్ డీజే మీద బేస్ గిటారిస్టు మాటలు, స్టూడియో చర్చ పూర్తి పాఠం

నల్లగొండలో ఒక ఫంక్షన్ హాలు. రిసెప్షన్‌లో ఆర్కెస్ట్రాతో వాయించి బయటికి వచ్చిన బేస్ గిటారిస్టు, రోడ్డు మీద బరాత్ (పెళ్ళి ఊరేగింపు) డీజే మోగుతుంటే ఫోన్ కెమెరా ముందు ఇలా అన్నారు: “ఛాతీ అదిరేది సంగీతం కాదు. మన జిల్లాలో పాట వినే చెవి చచ్చిపోతున్నది.” ఆ వీడియో ఫోన్లలో తిరిగింది. డీజేల వాళ్ళు మండిపడ్డారు. దాని మీద స్టూడియోలో పెట్టిన చర్చ ఇది. ఒకరి మాట మీద ఒకరి మాట పడి వినపడని చోట్లు తప్ప మిగతాదంతా ఉన్నది ఉన్నట్టు ఇస్తున్నాం. గిటారిస్టు గారు అందరికన్నా ఎక్కువసేపు మాట్లాడారు. అయినా కత్తిరించలేదు, వినాల్సిన సంగతులు అందులోనే ఎక్కువగా ఉన్నాయి.

ఆయనతో పాటు మిర్యాలగూడ నుంచి వచ్చిన డీజే సౌండ్స్ యజమాని, నల్లగొండలో కర్ణాటక సంగీతం నేర్పే టీచర్, దేవరకొండ వైపు నుంచి ఒక డప్పు కళాకారుడు పాల్గొన్నారు.

మోడరేటర్: నమస్కారం. నలుగురు అతిథులు ఉన్నారు, నలుగురికీ సమానంగా టైమ్ ఇస్తాం. మొదట గిటారిస్టు గారిని సూటిగా అడుగుతున్నా. బరాత్‌లలో డీజేని నిషేధించాలా, వద్దా?

బేస్ గిటారిస్టు: నమస్తే సార్. నిషేధం అనే మాట నా నోట రాలేదు. నేను కరెంటు డిపార్ట్‌మెంటులో పనిచేస్తా. సాయంత్రాలు, సెలవు రోజుల్లో బేస్ వాయిస్తా. దాని మీద బతకను గానీ అదంటే ప్రాణం. నేనన్నది ఒక్కటే, బేస్ అంటే స్వరం. చప్పుడు కాదు. బేస్ గిటారుకు నాలుగు తీగలు, ఇ, ఎ, డి, జి. అన్నిటికన్నా మందంగా మోగే ఇ తీగ 41 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 41 సార్లు కంపించే చోట ఉంటుంది. అక్కడి నుంచి గిటారు మెడ మీది ఒక్కో ఫ్రెట్, అంటే ఒక్కో మెట్టు ఎక్కుతుంటే ఒక్కో స్వరం. పాటలో ఎక్కడ ఏ స్వరం పెట్టాలి, ఎంతసేపు ఉంచాలి, ఎక్కడ ఆపాలి అన్నదే బేస్ వాయించేవాడి పని. డీసీఎం మీద నాలుగు డబ్బాలు పెట్టి...

డీజే యజమాని: నాలుగు కాదన్నా, ఎనిమిది.

బేస్ గిటారిస్టు: ఎనిమిది. 18 అంగుళాల స్పీకర్లు ఎనిమిది. ఏ పాట పెట్టినా అందులోంచి ఒకటే మోత.

డీజే యజమాని: ఎట్ల ఒకటే అయితదన్నా? రీమిక్స్ వేరు, ఒరిజినల్ వేరు...

బేస్ గిటారిస్టు: చెప్తా తమ్మీ, ఆగు. ఆ డబ్బాకు ముందర పోర్టు, అంటే గాలి వచ్చిపోయే రంధ్రం ఉంటుంది కదా. డబ్బా సైజును బట్టి, పోర్టు పొడుగును బట్టి అది ఒకచోట ట్యూన్ అయి ఉంటుంది. ఆ చుట్టుపక్కల స్వరాలు పెద్దగా వస్తాయి. అంతకన్నా కిందికి పోతే శబ్దం గబుక్కున పడిపోతుంది. లెక్క చూసుకోకుండా కట్టిన డబ్బా అయితే ఆ ఒక్క స్వరమే మోగుతూ ఉంటుంది. పాటలో బేస్ మెట్టు దిగినా నీ డబ్బా దిగదు.

మోడరేటర్: టెక్నికల్ సంగతులు తర్వాత చూద్దాం సార్. నిషేధం...

బేస్ గిటారిస్టు: ఇది టెక్నికల్ కాదు సార్, అసలు సంగతే ఇది. నేను ట్రాన్స్‌ఫార్మర్ కింద నిలబడి పనిచేసేవాణ్ణి. అది గుయ్‌మని మోగుతుంటుంది కదా. కరెంటు 50 హెర్ట్జ్, ఆ మోత దానికి రెట్టింపు, 100. నా బేస్ మీద జి తీగను ఊరికే మీటితే 98. దాదాపు అదే స్వరం. డ్యూటీలో ఉన్నప్పుడు ఆ మోతనే షడ్జమం, అంటే ‘స’ చేసుకుని కూనిరాగం తీస్తుంటా. ఇనుప డబ్బాలోంచి వచ్చే మోతలో కూడా స్వరం దొరుకుతుంది సార్. బరాత్‌లో నాకు దొరకడం లేదు.

సంగీతం టీచర్: నేను ఒక మాట...

మోడరేటర్: మీ దగ్గరికి వస్తా మేడమ్. డీజే యజమాని గారూ, హైదరాబాద్‌లో 2024లో పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలు ఆపేశారు. రేపు నల్లగొండలోనూ ఆపితే?

డీజే యజమాని: ఆపితే మా కిస్తీలు ఎవరు కడతారు? జనరేటర్, డీసీఎం, డీజిల్, నలుగురు పిల్లల కూలి. ఇంకో మాట. అన్న హాల్లో వాయిస్తాడు, అక్కడ జనం కుర్చీల్లో కూర్చుని భోజనం చేసి పోతారు. బరాత్‌కు పెళ్ళికొడుకు దోస్తులు వచ్చేది వినడానికి కాదు, ఆడడానికి. ఆడేటోనికి ఛాతీలో తగలాలె. అది తప్పా? చెవి చచ్చిపోయింది అంటే మా కస్టమర్లందరినీ తిట్టినట్టే కదా?

బేస్ గిటారిస్టు: ఆడొద్దని ఎవరన్నారు? ఆడించేదే బేస్! అమెరికాలో, డెట్రాయిట్‌లో జేమ్స్ జేమర్సన్ అని ఒకాయన ఉండేవాడు. 1960లలో మోటౌన్ అనే రికార్డు కంపెనీ పాటలకు బేస్ వాయించాడు. కుడిచేతి చూపుడు వేలు ఒక్కటే వాడేవాడు. ఆ పాటలు జనం చిన్న చిన్న రేడియోల్లో, కార్లలో వింటూ ఆడారు. ఎనిమిది డబ్బాలు ఎక్కడివి? ఆయన ఎక్కడ మీటాడు, ఎక్కడ వదిలేశాడు అన్నదే వాళ్ళను ఆడించింది. చాలా ఏళ్ళు రికార్డు అట్టల మీద ఆయన పేరు కూడా వేయలేదు.

డీజే యజమాని: అమెరికా సంగతి మనకెందుకన్నా?

బేస్ గిటారిస్టు: సరే, మన దగ్గరికే వద్దాం. ఇళయరాజా గారి పాటలు వినలేదా? పైన గొంతు ఒక దారిన పోతుంటే కింద బేస్ ఇంకో పాట పాడుతున్నట్టు నడుస్తుంది. చాలా పాటలు ఆ బేస్ ఒక్కటి వింటే చాలు, గుర్తుపట్టొచ్చు. అవి మన బస్సుల్లో, హోటళ్ళలో, టేపు రికార్డర్లలో మోగినవే. కాబట్టి మనవాళ్ళకు రుచి తెలియదని నేను అనడం లేదు. తెలిసిన రుచి పోతోంది అంటున్నా. అదే నా బాధ.

మోడరేటర్: అంటే దాన్ని కాపాడుకోవాలంటే నిషేధం కావాలి అంటారా?

బేస్ గిటారిస్టు: అనను సార్.

మోడరేటర్: మేడమ్, చెప్పండి.

సంగీతం టీచర్: సార్ మాటల్లో నాకు ఒక అభ్యంతరం ఉంది. మన కచేరీలో ఆయన చెప్పే బేస్ లైన్ లేనే లేదు. తంబురా మీద షడ్జమం, పంచమం నిలబడి ఉంటాయి. దాని మీద రాగం. పాశ్చాత్య పద్ధతిలో ఒకేసారి కొన్ని స్వరాలు కలిపి మోగిస్తారు, వాటికి అడుగున ఒకటి కావాలి. మన రాగానికి ఆ అవసరం లేదు. అలాంటప్పుడు బేస్ వినడం రానివాళ్ళకు చెవి లేదనడం అన్యాయం. కొన్ని తరాలు బేస్ గిటారు లేకుండానే గొప్పగా విన్నాయి. పోనీ మందమైన నాదం మనకు లేదా అంటే, మృదంగం ఎడమ పక్క రవ్వ ముద్ద పెడతారు, ఆ గుమ్మనే...

బేస్ గిటారిస్టు: అదే! మేడమ్ నా మాటే చెప్పారు.

సంగీతం టీచర్: లేదండీ, నేను చెప్పేది వేరు...

బేస్ గిటారిస్టు: వినండి మేడమ్. ఆ రవ్వ ముద్ద ఎందుకు? ఎడమ పక్క శ్రుతి కిందికి దిగాలని. ఆరిపోతే మళ్ళీ తడుపుకుంటారు. అంత చిన్న ముద్ద కోసం అంత జాగ్రత్త! ఆ జాగ్రత్తనే నేను రుచి అంటున్నా. వాయిద్యం ఏదైనా కానీ.

(టీచర్ గారి అభ్యంతరానికి సూటి జవాబు ఇక్కడా రాలేదు, తర్వాతా రాలేదు. అడగాల్సిన ప్రశ్నే అడిగారామె.)

మోడరేటర్: చట్టం సంగతి చూద్దాం. శబ్ద కాలుష్య నిబంధనలు 2000 నుంచి ఉన్నాయి. ఇళ్ళున్న చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ వాడొద్దు. ఇవి గట్టిగా అమలు చేస్తే నిషేధం చేసినట్టే కదా?

డీజే యజమాని: మేము 10కి ఆపేస్తున్నాం.

డప్పు కళాకారుడు: ఎక్కడ ఆపుతున్నరు బిడ్డా?

డీజే యజమాని: మా బండి సంగతి చెప్తున్నా పెద్దన్నా, అందరిదీ కాదు.

బేస్ గిటారిస్టు: సార్, ఆ డెసిబెల్ లెక్కలోనే ఒక సంగతి ఉంది. నిబంధనల్లో రాసింది ‘ఎ’ కొలత. మనిషి చెవికి మందమైన శబ్దం తక్కువ వినిపిస్తుందని మీటర్ దాన్ని తగ్గించి లెక్కిస్తుంది. 50 హెర్ట్జ్ దగ్గర సుమారు 30 డెసిబెల్స్ తగ్గిస్తుంది. అంటే కిటికీ అద్దాలు గజగజలాడుతుంటే మీటర్‌లో అంత కనపడదు. అందుకే మీ 55 పట్టుకుని కూర్చుంటే ఈ సమస్య తేలదు. నాకు కావాల్సింది వినేవాడు...

మోడరేటర్: అంటే మీటర్‌తో పని కాదు, పూర్తి నిషేధమే దారి అంటున్నారు!

బేస్ గిటారిస్టు: నేను అనలేదు సార్! మీరే అంటున్నారు.

(నలుగురూ ఒకేసారి మాట్లాడారు.)

డప్పు కళాకారుడు: నన్ను పిలిచి ఊకె కూర్చోబెట్టిండ్రు. ఒక్క మాట చెప్పనియ్యండి.

(చర్చ సగం దాటింది, అప్పటిదాకా ఆయనను ఎవరూ అడగలేదు. సమాన సమయం అని మొదట్లో ఇచ్చిన మాట నిలబడలేదు.)

డప్పు కళాకారుడు: బరాత్ మాది సార్. డప్పు చప్పుడు లేనిది పెళ్ళికొడుకు గడప దాటేటోడు కాదు. మేకతోలు మంటకు కాచి, కుడిచేతిల సిర్ర, ఎడమచేతిల సిటికెన పుల్ల పట్టుకుని వాయిస్తే రెండు ఊళ్ళకు వినపడేది. కరెంటు లేదు, డబ్బా లేదు. పెళ్ళికి ఒక దరువు, సావుకు ఒక దరువు, జాతరకు ఒక దరువు. చెర్వుగట్టు జాతరకు పోయే తొవ్వ పొడుగునా వాయించినోళ్ళం. డీజే వచ్చినంక మమ్మల్ని పిలిచేటోళ్ళు తగ్గిపోయిండ్రు. ఇయ్యాల గిటార్ సారు చెవి చచ్చిపోయిందని అంటే పెద్ద చర్చ పెట్టిండ్రు. మా దరువులు పోయేటప్పుడు ఎవ్వరూ చర్చ పెట్టలే.

బేస్ గిటారిస్టు: పెద్దన్నా, మీరన్నది అక్షరాలా నిజం. దరువు అన్నారు చూడండి, సందర్భానికో దరువు. వినగానే పెళ్ళా, చావా తెలిసిపోతుంది. అంత తేడా పట్టే చెవి ఊరందరికీ ఉండేది. నేను చెప్పే చెవి అదే!

డప్పు కళాకారుడు: నేను చెప్పింది మా పని పోయిందని సారూ.

మోడరేటర్: మంచి పాయింట్. మన పాలమూరు వైపు కిన్నెర అనే తీగ వాయిద్యం సంగతి కూడా ఇంతే. 12 మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. అలాంటి వాయిద్యాలు బతకాలంటే డీజేల మీద నిషేధం...

డీజే యజమాని: సార్, పల్లె పాటలు ఇప్పటి పిల్లల నోటికి వస్తున్నాయంటే డీజేలో రీమిక్స్ పెట్టబట్టే! మేము ఆపితే వాళ్ళు వినేది ఏంది?

బేస్ గిటారిస్టు: ఫోన్‌లో వింటున్నారు తమ్మీ, అదీ సమస్యే. ఫోన్ స్పీకర్ గోరంత ఉంటుంది. మందమైన స్వరాలు అందులోంచి దాదాపు రానే రావు. ప్రతి స్వరంతో పాటు పైన సన్నగా మోగే స్వరాలను బట్టి కింది స్వరాన్ని మన మెదడు ఊహించుకుంటుంది. అంటే పిల్లవాడు ఇంట్లో ఫోన్‌లో అసలు బేస్ వినడు, రోడ్డు మీద బేస్ తప్ప ఇంకోటి వినడు. రెండిటి మధ్యలో పాట ఎక్కడ విన్నాడు?

సంగీతం టీచర్: ఇది మాత్రం ఒప్పుకుంటా. మా క్లాసుకు వచ్చే పిల్లలకు మంద్రస్థాయి, అంటే కింది స్వరాలు పాడించడం చాలా కష్టంగా ఉంది. కిందికి దిగగానే గొంతు మాయమైపోతుంది.

డీజే యజమాని: దానికి డీజే కారణమా మేడమ్?

సంగీతం టీచర్: ఒక్క డీజే అని నేను అనను. కానీ సార్, ఆర్కెస్ట్రాలో మీరు వాయించే పాటలన్నీ మీకు నచ్చినవేనా? నచ్చనివి వాయించేటప్పుడు మీ రుచి ఏమవుతుంది?

బేస్ గిటారిస్టు: నచ్చని పాటకే ఎక్కువ శ్రద్ధ పెడతా మేడమ్. ఇది మనసులో మాట. పాట నాకు నచ్చకపోవచ్చు, ఆ పెళ్ళికూతురికి అది ప్రాణం కావచ్చు. నచ్చలేదని నా వేళ్ళ తీట కోసం అందులో పది స్వరాలు ఇరికిస్తే అది దొంగతనం. మూలస్వరం ఒక్కటి చాలంటే ఒక్కటే వాయిస్తా. ఆక్టోప్యాడ్ (కరెంటు డ్రమ్) వాయించే అబ్బాయి కిక్, అంటే కాలితో కొట్టే దెబ్బ, ఎక్కడ కొడుతున్నాడో వాడి కాలు చూస్తూ కూర్చుంటా. కిక్, నా తీగ ఒకేసారి పడాలి. పడ్డాక అసలు పని ఎడమచేతిది. వేలు పూర్తిగా లేపితే తీగ గుర్రుమంటుంది. తీగను తాకుతూనే బిగువు కొంచెం వదలాలి. స్వరం అక్కడికక్కడే ఆగిపోతుంది. ఆ ఖాళీలోకి పాడేవాళ్ళ మాట వస్తుంది. ఎప్పుడు మీటాలో తొందరగానే వస్తుంది, ఎప్పుడు ఆపాలో రావడానికి ఏళ్ళు పడుతుంది. మా కుర్రవాళ్ళు వేగం నేర్చుకోవాలని నా దగ్గరికి వస్తారు, నేను ఆపడం నేర్పుతా, రెండో రోజు రారు.

మోడరేటర్: బాగుంది సార్, కానీ...

బేస్ గిటారిస్టు: ఒక్క నిమిషం. ఇప్పుడు ఆర్కెస్ట్రాలలో బేస్ మనిషినే పిలవడం లేదు. కీబోర్డు ఆయన ఎడమచేత్తో కానిస్తాడు, లేదంటే ట్రాక్ పెట్టేస్తారు. ఒక మనిషి ఖర్చు మిగులుతుంది. ట్రాక్‌కు పాడే అమ్మాయి ఊపిరి తెలుస్తుందా? ఆమె ఒక మాట సాగదీస్తే అది ఆగుతుందా?

డీజే యజమాని: ఇందాక మా డీజే తప్పన్నావు, ఇప్పుడు కీబోర్డు, ట్రాక్ కూడా తప్పే. నువ్వు ఒక్కనివే కరెక్టా అన్నా? నీకు జీతం వస్తది, నీ రుచి నీకు నడుస్తది. మాకు నడవదు.

బేస్ గిటారిస్టు: జీతం లేనివాడికి రుచి ఉండొద్దా? పెద్దన్నకు జీతం లేదు, దరువు తప్పడు.

డప్పు కళాకారుడు: నన్ను మధ్యల పెట్టకండి సారూ.

మోడరేటర్: సమయం అయిపోతోంది. అందరూ ఒక్క మాటలో చెప్పండి. నిషేధం, అవునా, కాదా?

సంగీతం టీచర్: ఒక్క మాటలో తేలేది కాదండీ.

డీజే యజమాని: నేను చెప్పాల్సింది సగం కూడా చెప్పలే. అన్నకు మైకు ఇచ్చినంత సేపు మాకు ఇవ్వలే.

మోడరేటర్: మీకు ఇచ్చాం కదా.

డీజే యజమాని: ఇయ్యలే సార్. సరే, అన్నా, ఒక పని చెయ్యి. వచ్చే బరాత్‌కు నీ గిటార్ పట్టుకుని మా బండి దగ్గరికి రా. మా మిక్సర్‌లో పెట్టి వాయించు. జనం ఆడతరో ఆగుతరో చూద్దాం.

బేస్ గిటారిస్టు: వస్తా. ఒక్క షరతు. డబ్బాలు ఎనిమిది కాదు, రెండే పెట్టాలి. మిక్సర్‌లో బేస్ నాబ్ నా చేతిలో ఉండాలి.

డీజే యజమాని: నాబ్ ఇయ్యనన్నా. బండి నాది.

బేస్ గిటారిస్టు: మరి చూసేది ఏముంది తమ్మీ? పెద్దన్న డప్పు కూడా రావాలి. పెద్దన్న దరువు మీద నేను వాయిస్తా, నువ్వు నాబ్...

డప్పు కళాకారుడు: పైసలు ఎవరిస్తరు?

(దీనికి ఎవరూ జవాబు చెప్పలేదు.)

మోడరేటర్: నిషేధం మీద మీ అభిప్రాయాలు మాకు పంపండి. గిటారిస్టు గారూ, చివరగా అర నిమిషం మీదే.

డీజే యజమాని: మళ్ళీ ఆయనకేనా సార్!

బేస్ గిటారిస్టు: థాంక్యూ సార్. నేను చెప్పేది మొదటి నుంచీ ఒక్కటే, బేస్ అంటే స్వరం...

(సమయం దాటడంతో ప్రసారం ఇక్కడ ఆగిపోయింది.)