ఇంప్లాంట్ పెట్టించుకునే ముందు ఎముక సంగతి చూడండి

నమస్తే అండీ. పోయిన పన్ను స్థానంలో దవడ ఎముకలో బిగించే స్క్రూనే ఇంప్లాంట్ అంటాం, అది ఎలా పెడతారో ఇవాళ దవడ మోడల్ మీద చూపిస్తాను. అయితే ముందు ఎముక గురించి చెప్పాలి. ఎందుకంటే క్లినిక్‌కి వచ్చిన ప్రతి ఒక్కరూ "ఎంతవుతుంది డాక్టర్" అని అడుగుతారు గానీ "ఎముక ఎంత ఉంది" అని అడిగేవాళ్ళు చాలా తక్కువ.

దవడ పన్ను పీకించుకుని, వెనకాలదే కదా ఎవరికి కనిపిస్తుందిలే అని ఏళ్ళ తరబడి వదిలేస్తుంటారు. పన్ను పోయిన చోట ఎముక కరుగుతూ వస్తుంది, మొదటి ఏడాదిలోనే దాని వెడల్పు సగం దాకా తగ్గిపోవచ్చు. పక్క పన్ను ఆ ఖాళీలోకి ఒరుగుతుంది, ఎదురు పన్ను దిగుతుంది. అప్పుడొస్తే ముందు ఎముక పొడి వేసి పెంచాల్సి రావచ్చు, డబ్బూ ఎక్కువ, నెలలూ ఎక్కువ.

ఇదిగో, దగ్గరగా చూడండి. టైటానియం స్క్రూ, పొడవు 10 మిల్లీమీటర్లు, మందం 4. ఒళ్ళంతా గరుకుగా ఉంది కదా, ఎముక గట్టిగా పట్టుకోవాలని కావాలనే అలా చేస్తారు. 1952లో స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే పరిశోధకుడు కుందేలు ఎముకలో పెట్టిన టైటానియం పరికరాన్ని తీయబోతే ఊడి రాలేదు, ఎముక దానికి అతుక్కుపోయింది. 1965లో ఆయనే మొదటిసారి మనిషి దవడలో ఇలాంటి టైటానియం ఇంప్లాంట్ పెట్టారు.

ఇప్పుడు మోడల్ చూడండి. మత్తు ఇచ్చి, చిగురు తెరిచి, డ్రిల్‌తో నిదానంగా రంధ్రం చేస్తాం, పక్కనుంచి చల్లటి సెలైన్ పడుతూనే ఉండాలి. ఎముక 47 డిగ్రీలు దాటి ఒక్క నిమిషం వేడెక్కినా అక్కడి కణాలు చచ్చిపోతాయి, ఇక స్క్రూ అతకదు. స్క్రూ బిగించాక మామూలుగా కింది దవడకి మూడు నెలలు, పై దవడకి నాలుగు నుంచి ఆరు నెలలు ఆగి, ఆ తర్వాతే పైన క్యాప్, అంటే పన్ను ఆకారంలో ఉండే తొడుగు వేస్తాం. కొందరికి అదే రోజు పన్ను పెట్టొచ్చు, కానీ అది తాత్కాలికం, దాంతో గట్టివి నమలకూడదు.

సీబీసీటీ స్కాన్, అంటే దవడని 3డీలో చూపించే ఎక్స్‌రే, లేకుండా మాత్రం ఒప్పుకోకండి. కింది దవడ లోపల పెదవికి స్పర్శనిచ్చే నరం వెళ్తుంది, దానికి దెబ్బ తగిలితే పెదవి మొద్దుబారిపోతుంది. షుగర్ ఉంటే ముందు మూడు నెలల సగటు చెప్పే షుగర్ పరీక్ష చేయించి అదుపులో పెట్టుకోండి. సిగరెట్, గుట్కా మానేయండి, ఈ విషయంలో నేను రాజీపడను. ఎముకల బలానికి ఇంజెక్షన్లు వాడుతుంటే తప్పకుండా చెప్పండి. రక్తం పలచబడే మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు.

ఇంప్లాంట్ పుచ్చదు, నిజమే, కానీ చుట్టూ చిగురుకి ఇన్‌ఫెక్షన్ వస్తే నొప్పి కూడా తెలియకుండా ఎముకని తినేస్తుంది. అందుకే సందుల్లో వాడే చిన్న బ్రష్‌తో రోజూ శుభ్రం చేయండి, ఆరు నెలలకోసారి చూపించుకోండి. ఇంకోటి, ఇంప్లాంట్ డబ్బా మీద కంపెనీ, సైజు, లాట్ నంబర్ ఉన్న స్టిక్కర్ ఉంటుంది, అడిగి తీసుకుని ఫైల్లో అతికించుకోండి. పదేళ్ళ తర్వాత వేరే ఊళ్ళో క్యాప్ వదులైతే అక్కడి డాక్టర్ మొదట అడిగేది దాన్నే.