నాలుగు నిమిషాల 37 సెకన్లు: ఆ రాత్రి టెక్సాస్‌లో ఏం జరిగింది?

నమస్తే అండి.

2021 ఫిబ్రవరి 15, సోమవారం. మనకు మధ్యాహ్నం ఒకటిన్నర కావస్తోంది, టెక్సాస్‌లో అప్పుడు రాత్రి రెండవుతోంది. మా పిన్ని కూతురు ఉండేది డల్లాస్‌కు ఉత్తరాన ఫ్రిస్కోలో. ఆ రాత్రి వాళ్లింట్లో కరెంటు పోయింది. తెల్లారేసరికి వచ్చేస్తుందిలే అనుకుని, పిల్లాడిని మధ్యలో పడుకోబెట్టుకుని, ఉన్న దుప్పట్లన్నీ కప్పుకున్నారు. తెల్లారింది, రాలేదు. సాయంత్రమైంది, రాలేదు. మర్నాడు పొద్దున డల్లాస్‌లో మైనస్ 19 డిగ్రీలు. అప్పుడు తను పంపిన వాయిస్ మెసేజ్ ఇంకా నా దగ్గరుంది. "అన్నయ్యా, హాల్లో కూర్చుని మాట్లాడుతుంటే నోట్లోంచి పొగ వస్తోంది. ఫోన్‌లో చార్జింగ్ నాలుగు శాతమే ఉంది. కార్లో పెట్టుకుని మళ్లీ చేస్తాను. అమ్మకు మాత్రం చెప్పకు."

పిన్నికి తెలియకుండా ఎలా ఉంటుంది? టీవీలో చూసి ఫోన్ చేసింది. "అమెరికాలో కరెంటు పోవడమేంట్రా?" అని అడిగింది. ఆ రోజు నేను సరిగ్గా చెప్పలేకపోయాను. ఈ వీడియో ఆ ప్రశ్నకు జవాబు.

మనకు తుఫాను అంటే స్తంభాలు కూలడం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు చూశాం కదా, విరిగిన స్తంభాలు, రోడ్డుకు అడ్డంగా చెట్లు, తెగిన తీగలు. టెక్సాస్‌లో జరిగింది అది కాదండి. మా చెల్లెలి వీధిలో స్తంభం బాగానే ఉంది, తీగ బాగానే ఉంది, ట్రాన్స్‌ఫార్మర్ బాగానే ఉంది. కరెంటు తెగిపోలేదు, కావాలనే తీసేశారు. తీయకపోతే రాష్ట్రంలో చాలా భాగం ఒక్కసారిగా చీకట్లోకి వెళ్లేది.

ఇది అర్థం కావాలంటే ఒక బండిని ఊహించుకోండి. బరువైన బండి, దాన్ని లాగుతున్న ఎడ్లు చాలా ఉన్నాయి, అన్నీ ఒకే వేగంతో అడుగేస్తున్నాయి. ఎడ్లు అంటే పవర్ ప్లాంట్లు. బరువు అంటే మన ఇళ్లలో హీటర్లు, ఫ్రిజ్‌లు, ఫ్యాక్టరీల్లో మోటార్లు. రెండు ఎడ్లు కూలబడ్డాయనుకోండి, ఆ బరువంతా మిగతావాటి మీద పడుతుంది, నడక నెమ్మదిస్తుంది. ఆ నడక వేగాన్నే ఫ్రీక్వెన్సీ అంటారు. మన దేశంలో అది 50 హెర్ట్జ్, అమెరికాలో 60. అది బాగా తగ్గితే ప్లాంట్లలో టర్బైన్లు దెబ్బతింటాయి. అందుకే ఒక హద్దు దాటాక ప్లాంట్లు తమంతట తామే గ్రిడ్ నుంచి, అంటే ప్లాంట్లనూ ఇళ్లనూ కలిపే తీగల వల నుంచి, తప్పుకుంటాయి. ఒకటి తప్పుకుంటే మిగతావాటి మీద బరువు ఇంకా పెరుగుతుంది, అవీ తప్పుకుంటాయి.

టెక్సాస్ గ్రిడ్‌ను నడిపే సంస్థ పేరు ఎర్కాట్. అక్కడ హద్దు 59.4. దాని కిందికి పడి తొమ్మిది నిమిషాలు అలాగే ఉంటే ప్లాంట్లు వరసగా తప్పుకోవడం మొదలవుతుంది. ఆ రాత్రి 1:51కి ఫ్రీక్వెన్సీ ఆ హద్దు కిందికి జారింది. 59.302 దాకా పడింది. కంట్రోల్ రూమ్‌లో ఉన్నవాళ్లకు మిగిలిన దారి ఒక్కటే, బరువు దించడం. ఊళ్లకు ఊళ్లు కట్ చేయమని ఆదేశాలిచ్చారు. నాలుగు నిమిషాల 23 సెకన్లకు నడక మళ్లీ హద్దు పైకి వచ్చింది. ఇంకో నాలుగు నిమిషాల 37 సెకన్లు అలాగే ఉండి ఉంటే?

గ్రిడ్ పూర్తిగా కూలితే మళ్లీ లేపడం స్విచ్ వేసినంత సులువు కాదు. పెద్ద ప్లాంటు మొదలవ్వాలంటే దాని పంపులకు, ఫ్యాన్లకు ముందు బయటి నుంచి కరెంటు కావాలి. సొంతంగా లేవగలిగే ప్లాంట్లు కొన్నే ఉంటాయి, వాటిని బ్లాక్ స్టార్ట్ ప్లాంట్లు అంటారు. ముందు వాటిని లేపి, వాటితో పక్కదాన్ని, దాంతో ఇంకోదాన్ని, అలా మెల్లగా కుట్టుకుంటూ రావాలి. వారాలు పట్టవచ్చు. పైగా ఆ చలికి బ్లాక్ స్టార్ట్ ప్లాంట్లలో కూడా చాలావాటికి ఇబ్బందులు వచ్చాయి. మైనస్ 19లో వారాలు! ఆ రాత్రి బరువు దించినవాళ్లను నేను తప్పు పట్టలేను. వాళ్లను ఆ పరిస్థితికి తెచ్చిందెవరన్నదే నా బాధ.

అప్పట్లో టెక్సాస్ గవర్నర్ గ్రెగ్ అబాట్ టీవీలో గాలిమరలు, సోలార్ ఆగిపోవడం వల్లే ఇదంతా అన్నట్టు మాట్లాడారు. మన వాట్సాప్ గ్రూపుల్లో కూడా మంచుపట్టిన గాలిమర ఫొటోలు బాగా తిరిగాయి. గాలిమరలు గడ్డకట్టిన మాట నిజమే. కానీ ఆగిపోయిన యూనిట్లలో, అంటే ప్లాంట్లలో కరెంటు తయారుచేసే యంత్రాల్లో, సగానికి పైగా గ్యాస్‌వి. బొగ్గు ప్లాంట్లూ ఆగాయి. ఆఖరికి అణు విద్యుత్ కేంద్రంలో కూడా ఒక యూనిట్ ఆగింది.

ఆ అణు కేంద్రం సంగతి కొంచెం దగ్గరగా చూడండి. సౌత్ టెక్సాస్ ప్రాజెక్ట్, సముద్ర తీరానికి దగ్గర్లో ఉంటుంది. రియాక్టర్‌కు ఏమీ కాలేదు. అక్కడ నీటి పంపుల దగ్గర ప్రెజర్ ఎంతుందో చెప్పే సన్నటి గొట్టం ఒకటి ఉంటుంది. అందులో నీళ్లు గడ్డకట్టాయి. రీడింగ్ తప్పు వచ్చింది. పంపులు ఆగాయి, యూనిట్ ఆగింది. దాదాపు 1,300 మెగావాట్లు పోయాయి, ఒక సన్నటి గొట్టం చుట్టూ సరైన రక్షణ లేక. వెచ్చబరిచే తీగ చుట్టి, పైన ఇన్సులేషన్ కప్పితే సరిపోయే పని అది.

గ్యాస్ కథ ఇంకా దారుణం. బావుల దగ్గర వాల్వులు గడ్డకట్టి గ్యాస్ తగ్గింది. వచ్చిన కాస్త గ్యాస్‌ను పైపుల్లోకి తోసే కంప్రెసర్లలో కొన్ని కరెంటుతోనే నడుస్తాయి. బరువు దించే తొందరలో వాటికీ కరెంటు తీసేశారు. వాటిని తీయకూడదని చాలామంది ముందుగా జాబితాలో రాయించుకోలేదు కాబట్టి. కరెంటు లేక గ్యాస్ రాలేదు, గ్యాస్ లేక కరెంటు రాలేదు.

ఇదేమీ ఎవరూ ఊహించని విషయం కాదు. 2011 ఫిబ్రవరిలో ఇలాంటి చలికే టెక్సాస్‌లో ప్లాంట్లు ఆగి కోతలు పెట్టారు. కేంద్ర నియంత్రణ సంస్థ విచారణ చేసి, గొట్టాలకు, పరికరాలకు చలి రక్షణ పెట్టుకోండి అని వివరంగా రాసింది. సలహాగా రాసింది, తప్పనిసరి చేయలేదు. పదేళ్లు గడిచిపోయాయి.

కోత అంటే మనకు తెలిసింది వంతులవారీగా, ఇక్కడ రెండు గంటలు, అక్కడ రెండు గంటలు. వాళ్లూ అలాగే అనుకున్నారు. కానీ తీయాల్సింది ఏకంగా 20 వేల మెగావాట్లు. ఆసుపత్రులున్న ఫీడర్లు, అంటే ఒక్కో ప్రాంతానికి కరెంటు మోసే లైన్లు, తీయకూడదు. అవి పక్కన పెట్టాక మిగిలిన ఫీడర్లన్నీ తీసేస్తేనే లెక్క సరిపోయే పరిస్థితి, ఇక వంతులెక్కడివి? పోయినవాళ్లకు మూడు రోజులు పోయింది, ఉన్నవాళ్లకు నిమిషం కూడా పోలేదు. మా చెల్లెలు వాళ్లు చివరికి ఒక స్నేహితురాలి ఇంటికి వెళ్లారు. ఆవిడ ఇల్లు ఆసుపత్రి పక్కన. ఐదు నిమిషాల దూరం, అక్కడ దీపాలన్నీ వెలుగుతున్నాయి.

అందరికీ అలాంటి స్నేహితురాలు ఉండదు కదండీ. రాష్ట్ర ఆరోగ్య శాఖ లెక్క ప్రకారం చనిపోయింది 246 మంది. వాళ్లలో ఎక్కువమంది చలికి గడ్డకట్టుకుపోయి చనిపోయారు. కొందరు వెచ్చదనం కోసం లోపల బొగ్గు కుంపటి పెట్టుకుని, గ్యారేజీలో కారు ఆన్ చేసుకుని, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు పోయారు.

అసలు పక్క రాష్ట్రాల నుంచి కరెంటు ఎందుకు తెచ్చుకోలేదు? తెచ్చుకునే దారి లేదు. టెక్సాస్‌లో చాలా భాగం గ్రిడ్ ఒంటరిది. కేంద్రం నియంత్రణ వద్దనుకుని 1930ల నుంచి అలాగే ఉంచుకున్నారు. బయటితో ఉన్న లింకులన్నీ కలిపినా 1,200 మెగావాట్లకు అటూ ఇటూ. అదే చలి పక్కనున్న రాష్ట్రాలనూ తాకింది, వాళ్లకూ కొరత వచ్చింది. కానీ వాళ్లు తూర్పు నుంచి ఒక దశలో 13 వేల మెగావాట్ల దాకా తెచ్చుకున్నారు, కొద్దిపాటి కోతలతో బయటపడ్డారు. టెక్సాస్‌లోనే ఉన్న ఎల్ పాసో ఊరు చూడండి. అది పశ్చిమ గ్రిడ్‌తో కలిసి ఉంటుంది, పైగా 2011 దెబ్బ తర్వాత ప్లాంట్లకు చలి రక్షణ చేసుకుంది. అక్కడ దాదాపు అందరికీ కరెంటు ఉంది.

ఒంటరిగా ఉండటం ఎలా ఉంటుందో మనకూ తెలుసు. 2012 జూలై 31న ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కూలి 60 కోట్ల మందికి పైగా కరెంటు పోతే, ఆ కూలడం మనదాకా రాలేదు. అప్పటికి దక్షిణ గ్రిడ్ వేరుగా నడిచేది. గాజువాకలో ఉన్నలాంటి హెచ్‌వీడీసీ కేంద్రాల (కరెంటును డీసీగా మార్చి దాటించే చోట్ల) ద్వారానే అటూ ఇటూ కరెంటు వెళ్లేది. ఆ ఒక్క రోజు మనం అదృష్టవంతులం. కానీ అదే ఏడాది మన దగ్గర పరిశ్రమలకు పవర్ హాలిడేలు గుర్తున్నాయా? కొనడానికి ఉత్తరాన కరెంటు ఉన్నా ఇక్కడికి రావడానికి చాలినన్ని లైన్లు లేవు. 2013 డిసెంబర్ 31న రాయచూర్ - షోలాపూర్ 765 కేవీ లైన్‌తో మనం దేశంతో కలిశాం. 2024 మే 30న దేశవ్యాప్త డిమాండ్ 250 గిగావాట్లు తాకిన ఎండల్లో, ఒక రాష్ట్రం ఉక్కపోతతో అల్లాడుతుంటే ఇంకో చోట నుంచి కరెంటు తేగలగడం ఆ లైన్ల చలవే. కలిస్తే ఒకరి పతనం ఇంకొకరికి అంటుకునే ప్రమాదం ఉంది, కాదనను. దానికి రక్షణ రిలేలు (ప్రమాదం వస్తే లైన్‌ను తమంతట తామే విడదీసే పరికరాలు), క్రమశిక్షణ కావాలి. అయినా నేను కలిసి ఉండటం వైపే.

2021 జూన్‌లో టెక్సాస్ చట్టం చేసింది. ప్లాంట్లకు చలి రక్షణ తప్పనిసరి, ఎర్కాట్ మనుషులు వెళ్లి తనిఖీ చేస్తారు. 2022 డిసెంబర్‌లో క్రిస్మస్ ముందు మళ్లీ గడ్డకట్టే చలి వచ్చింది. ఈసారి టెనెస్సీ వైపు, కరొలినాల వైపు కోతలు పడ్డాయి, టెక్సాస్ గ్రిడ్ నిలబడింది. బయటి లింకులు మాత్రం అంతే చిన్నగా ఉన్నాయి.

ఆ డిసెంబర్ రాత్రి మా చెల్లెలికి నేనే ఫోన్ చేశాను. హీటర్ తిరుగుతోందట, పిల్లాడు నిద్రపోతున్నాడట. బాత్‌టబ్ నిండా నీళ్లు పట్టి, ఫోన్లన్నీ చార్జింగ్‌లో పెట్టి, తను మాత్రం మెలకువగానే కూర్చుంది.