తేడా, తగాదా, ఒక గ్రీకు మాట

శ్రోతలకు నమస్కారం. ఇవాళ ఎదుటి మనిషితో ఒప్పుకోనప్పుడు నోట్లోంచి వచ్చే మాటల గురించి మాట్లాడుకుందాం. ఇంగ్లీషు, గ్రీకు భాషలు రెండింటినీ కలిపి తీసుకుంటున్నాను, దానికి కారణం ఒక పేరు మీద పాతికేళ్ళకు పైగా నడిచిన పంచాయితీ.

యుగోస్లావియా ముక్కలవుతున్న రోజుల్లో, 1991లో, అందులోంచి విడిపోయిన ఒక చిన్న దేశం తన పేరు మాసిడోనియా అంది. పక్కనున్న గ్రీసుకు అది అస్సలు మింగుడుపడలేదు. మా ఉత్తరాన ఉన్న ప్రాంతం పేరే మాసిడోనియా, అలెగ్జాండర్ పుట్టిన గడ్డ, ఆ పేరు మీరెలా పెట్టుకుంటారు అని పట్టుబట్టింది. 1993లో ఆ కొత్త దేశాన్ని ఐక్యరాజ్య సమితిలో చేర్చుకోమని సిఫార్సు చేస్తూ భద్రతా మండలి 817వ తీర్మానం చేసింది. దేశం పేరు విషయంలో ఒక ‘డిఫరెన్స్’ తలెత్తిందని అందులో రాశారు. డిస్ప్యూట్ అనలేదు, కాన్‌ఫ్లిక్ట్ అనలేదు, డిఫరెన్స్ అన్నారు. ఆ మాట ఎంచుకున్నవాళ్ళు గట్టివాళ్ళే అనిపిస్తుంది నాకు. తగువు అంటే ఎవరో ఒకరు మొదలుపెట్టి ఉండాలి కదా, తేడా అంటే ఎవరి మీదా నేరం పడదు. అన్నదమ్ముల మధ్య తేడాలొచ్చాయి అని మనమూ ఇందుకే అంటాం, ఎవడు ముందు నోరు జారాడో చెప్పకుండా తప్పించుకోవడానికి.

ఇదే సుగుణాన్ని అమెరికాలో విడాకుల చట్టం కూడా వాడుకుంది. 1969లో కాలిఫోర్నియా గవర్నరుగా ఉన్న రోనాల్డ్ రీగన్ ఒక కొత్త చట్టం మీద సంతకం పెట్టారు, అది 1970 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు అక్కడ విడాకులు కావాలంటే మామూలుగా భర్తదో భార్యదో తప్పని కోర్టులో రుజువు చేయాల్సి వచ్చేది. కొత్త చట్టంలో సర్దుకోవడానికి వీలుకాని ‘డిఫరెన్సెస్’ ఉన్నాయంటే చాలు. ఆ ఒక్క మాటతో ఎన్ని కుటుంబాలు కోర్టు గదిలో ఒకరి మీద ఒకరు బురద చల్లుకోవడం తప్పిందో!

ఇక గ్రీకులోకి వస్తే, అక్కడ తేడాను దియాఫొరా అంటారు, కోర్టు వివాదాన్ని కూడా దియాఫొరా అంటారు. ‘ఫేరో’ అంటే మోయడం, ‘దియా’ అంటే ఇక్కడ విడిగా, చెరోవైపు. లాటిన్ నుంచి ఇంగ్లీషుకు వచ్చిన డిఫర్ కూడా అచ్చం ఇలా కట్టిన మాటే, అందులో ఉన్న ‘ఫెర్’ కూడా మోయడమే. మన భారం, భరించడం అనే మాటలకు మూలమైన సంస్కృత ధాతువు వీటికి దూరపు చుట్టం, కాబట్టి మనకూ ఇందులో కాస్త వాటా ఉంది.

నాకు బాగా నచ్చేది మాత్రం, ఒప్పుకోను అనడానికి గ్రీకువాళ్ళు వాడే మాట. దియాఫొనో అంటారు. ఫోన్ అనే మాట ఎక్కణ్ణించి వచ్చిందో అదే ‘ఫొనీ’, గొంతు, స్వరం. నా గొంతు వేరు, నీ గొంతు వేరు, అంతే. ఒప్పందాన్ని సింఫొనీయా అంటారు, గొంతులు కలవడం అన్నమాట, పాశ్చాత్య సంగీతంలో సింఫనీ అని మనం వింటున్నది ఇదే. ఇంగ్లీషు అగ్రీ మాత్రం ఫ్రెంచి నుంచి వచ్చింది, దాని అడుగున ఉన్నది ఇష్టం. అందుకేనేమో ఇంగ్లీషులో డిసగ్రీ అన్నామంటే ఎదుటివాడిని ఇష్టపడలేదన్నట్టు మొహమాటం పుట్టుకొస్తుంది, ముందు ‘విత్ రెస్పెక్ట్’ అనాలి, ‘ఐ బెగ్ టు డిఫర్’ అంటూ బతిమాలుకోవాలి. ఇది నా ఊహే, భాషావేత్తలు కోప్పడితే పడతాను.

మరి ఆ పేరు గొడవ ఏమైందంటే, 2018 జూన్ 17న ప్రెస్పా సరస్సు ఒడ్డున రెండు దేశాలూ సంతకాలు చేశాయి. కొత్త పేరు ఉత్తర మాసిడోనియా, 2019 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చింది. గ్రీకులో ఆ ఒప్పందం పేరులోనూ సింఫొనీయా ఉంది, కానీ దానికి ముందూ తర్వాతా ఏథెన్స్‌లో, థెస్సలొనీకీలో వేలమంది వీధుల్లోకి వచ్చి వద్దని అరిచారు. గొంతులు కలిసింది కాగితం మీదే.

అసలు ఏ తేడా ముదిరి తగాదా అవుతుందో సోక్రటీసు ఎప్పుడో అడిగాడు. ఏథెన్స్‌లో తన మీద కేసు నడుస్తున్న రోజుల్లో, క్రీస్తుపూర్వం 399లో, కోర్టు దగ్గర యూథిఫ్రో అనే అతను కలిశాడని ప్లేటో రాశాడు. ఆ మహానుభావుడు సొంత తండ్రి మీదే హత్య కేసు పెట్టడానికి వచ్చాడు. సోక్రటీసు అడుగుతాడు: ఎన్ని ఉన్నాయన్న దాని మీద మనకు తేడా వస్తే లెక్కపెట్టి తేల్చుకుంటాం, ఏది పెద్దదంటే కొలుచుకుంటాం, ఏది బరువంటే తూస్తాం, మరి శత్రువులైపోయేది దేని మీద? న్యాయం, అన్యాయం, మంచి, చెడు, వీటి మీద కదా! తేడా రావడానికి అక్కడ వాడిన క్రియ కూడా ఈ దియాఫేరో కుటుంబంలోదే. దేశం పేరు ఎవరిదో తూచే తక్కెడ కూడా లేదు మరి.

ఇంత నాజూకైన మాటలున్న గ్రీకులో మొహం మీద కొట్టినట్టు కాదనడానికీ ఒక మాట ఉంది, ఓహీ. 1940 అక్టోబరు 28న ముసోలినీ పంపిన అల్టిమేటాన్ని గ్రీసు ప్రధాని మెటాక్సాస్ తోసిపుచ్చిన రోజును ఇప్పటికీ ‘ఓహీ రోజు’ అని సెలవిచ్చి జరుపుకుంటారు. తమాషా ఏంటంటే, ఆ రాత్రి ఆయన ఇటలీ రాయబారితో అన్నది ఫ్రెంచిలో, అయితే ఇక యుద్ధమే అని. 2015 జులై 5న గ్రీసుకు అప్పులిచ్చినవాళ్ళు పెట్టిన షరతుల మీద రెఫరెండం పెడితే 61 శాతం మంది ఓహీకే ఓటేశారు.

వెళ్ళే ముందు ఒక ఉపయోగపడే సంగతి. గ్రీకులో అవును అనడానికి ‘నే’ అంటారు, ఇంగ్లీషు నో అలవాటైన చెవికి అది కాదన్నట్టే వినపడుతుంది. కాదనడానికి చాలాసార్లు నోరే విప్పరు, కనుబొమలు ఎత్తి తల కొంచెం పైకి ఎగరేస్తారు, మనం ‘ఏంటి?’ అని అడిగేటప్పుడు చేసే సైగలాగే ఉంటుంది. ఏథెన్స్‌లో కొట్టతను అలా తల ఎగరేస్తే, మీకేం కావాలో మళ్ళీ మొదట్నుంచి చెప్పకండి, సరుకు లేదన్నాడని అర్థం.