టెస్టు చుక్కల్లో మిగిలిన బంగారాన్ని రాబట్టడం ఎలా?

నమస్కారమండీ. బంగారం రిఫైనింగ్ చేసేవాళ్ల బల్ల మీద ఈ తెల్ల పింగాణీ ప్లేటు ఉండనే ఉంటుంది. ద్రావణంలో బంగారం ఇంకా ఉందా లేదా తెలియాలంటే ఒక చుక్క ఇందులో వేసి, పక్కన స్టానస్ క్లోరైడ్ అనే తగరం లవణం చుక్క కలుపుతాం. కెమెరా దగ్గరికి తెస్తున్నా, చూడండి. రెండు చుక్కలూ తగిలిన అంచున ముందు గోధుమ రంగు గీత వచ్చింది. అదే ముదిరి ఇప్పుడు వంకాయ రంగుకి తిరిగింది. బంగారం ఉన్నట్టే.

మరి టెస్టయ్యాక ఈ చుక్కని ఏం చేస్తున్నారు? చాలామంది సింకులో కడిగేస్తారు. కొందరు బంగారమే కదా అని అసలు బీకరులోకే వంపేస్తారు. అదింకా నష్టం! ఈ వంకాయ రంగు పేరు పర్పుల్ ఆఫ్ కాసియస్. గాజుకీ, తర్వాత పింగాణీకీ ఎరుపు తేవడానికి పదిహేడో శతాబ్దం నుంచీ వాడుతున్నారు. ఇందులో అతి సన్నని బంగారు రేణువులు తగరం ఆక్సైడుని అంటిపెట్టుకుని ఉంటాయి. ఈ సంగతి తేల్చిన రసాయన శాస్త్రవేత్త జిగ్మాండీకి కొల్లాయిడ్ల మీద, అంటే ద్రవంలో ఇలా తేలే సన్నని రేణువుల మీద, చేసిన పనికే 1925 నోబెల్ దక్కింది. ఆ రేణువులు అడుక్కి దిగవు, ఫిల్టరు పేపరులోంచి జారిపోతాయి. తగరం అసలు బీకరులో పడితే, అక్కడి బంగారం కూడా కొంత ఇలాగే తేలుతూ ఉండిపోతుంది.

అందుకే ఈ చుక్కల్ని విడిగా ఒక డబ్బాలో దాచాలి. లెక్క కూడా చూద్దాం. లీటరుకి 10 గ్రాముల బంగారం ఉందనుకోండి. మిల్లీలీటరుకి సుమారు 20 చుక్కలు, అంటే చుక్కకి అర మిల్లీగ్రాము. 200 టెస్టులకి 100 మిల్లీగ్రాములు. దానికోసమే అయితే ఇంత శ్రమ వద్దంటాను. ప్లేటు, డ్రాపర్లు, బీకర్లు కడిగిన నీళ్లు కూడా అదే డబ్బాలోకి చేరుతుంటేనే గిట్టుబాటవుతుంది. డబ్బా మీద పేరు రాయండి, మూత మరీ బిగించొద్దు.

ఇందులోకి రాకూడనివి రెండున్నాయి. ఇది మాత్రం దయచేసి శ్రద్ధగా వినండి. ఒకటి గిల్టు నీళ్లు, అంటే బంగారు పూత వేసే ద్రావణం. వాటిలో సైనైడ్ ఉంటే, యాసిడ్ తగలగానే ప్రాణం తీసే వాయువు వస్తుంది. రెండోది అమ్మోనియా. బంగారు ద్రావణంతో కలిస్తే ఆరాక పేలే పదార్థం తయారవుతుంది. అమ్మోనియా ఉన్న క్లీనర్లతో ఈ బల్ల తుడవొద్దు.

డబ్బా నిండాక పని మొదలెడదాం. ఫ్యూమ్ హుడ్, అంటే విషవాయువుల్ని బయటికి లాగేసే అర, లేకపోతే ఇక్కడితో ఆగిపోండి, దాచిన ద్రావణం ఎక్కడికీ పోదు. గ్లౌజులు, కళ్లద్దాలు పెట్టుకుని, ద్రావణంలో హైడ్రోక్లోరిక్ యాసిడ్ వేసి గోరువెచ్చగా చేయండి. హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్కచుక్కగా వేయండి. క్లోరిన్ వస్తుంది, హుడ్ అందుకే. వంకాయ రంగు విరిగి, పసుపు తేలుతుంది. అంటే రేణువులు మళ్లీ కరిగాయి. ఇంకాసేపు వేడి చేసి క్లోరిన్ పోగొట్టండి, లేకపోతే తర్వాత మనం వేసే రాగిని ఊరికే తినేస్తుంది. ఆక్వారీజియా (నైట్రిక్, హైడ్రోక్లోరిక్ యాసిడ్ల మిశ్రమం) కలిసి ఉంటే సల్ఫామిక్ యాసిడ్‌తో నైట్రిక్‌ని కూడా చంపాలి.

ఇప్పుడు శుభ్రమైన రాగి పట్టీని వేలాడదీస్తున్నాను. బంగారం దాని మీద నల్లటి పొడిగా దిగుతుంది, ప్లాటినం, పల్లాడియం ఉంటే అవీ వస్తాయి. మధ్యలో పట్టీని కదిపి పొడి రాల్చండి, కొత్త రాగి బయటపడుతుంది. మర్నాడు ఒక చుక్క టెస్టు చేసి, వంకాయ రంగు రాకపోతే పైనీళ్లు వంచేసి పొడిని కడగండి. దీన్ని మామూలు బంగారంలాగే యాసిడ్‌లో కరిగించి, ఫెర్రస్ సల్ఫేట్‌తో దించుకోవచ్చు.

ఫిల్టరు పేపర్లు, దూదిపుల్లలు వేరే డబ్బాలో దాచండి. ముందు నీళ్లతో బాగా కడగాలి, క్లోరైడుతో కాలిస్తే బంగారం కొంత పొగలో పోతుంది. కడిగి ఆరబెట్టి, గాలి విసురుకి బూడిద ఎగరకుండా నెమ్మదిగా కాల్చి, బూడిదని పొడితో కలుపుకోండి.

మిగిలిన నీళ్లలో రాగీ తగరమూ ఉంటాయి, డ్రైనేజీలో పోయొద్దు. కాస్టిక్ సోడా వేసి పీహెచ్ 9 దాకా తెస్తే నీలం బురదగా దిగుతాయి. ఆ బురదని అనుమతి ఉన్న ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికే పంపించండి. తెలంగాణవాళ్లకి దుండిగల్‌లో, ఆంధ్రవాళ్లకి విశాఖ దగ్గర పరవాడలో ఉన్నాయి.