చివరి సీజన్‌లోనే అసలు పరీక్ష: పాత చెయిర్‌లిఫ్టుల భద్రత

సభకు నమస్కారం.

2010 డిసెంబరు 28న అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో, షుగర్‌లోఫ్ స్కీ కొండ మీద జనాన్ని వేలాడే కుర్చీల్లో కొండపైకి మోసే స్పిల్‌వే ఈస్ట్ అనే చెయిర్‌లిఫ్టు ఎనిమిదో టవరు దగ్గర ఉక్కు తాడు కప్పీల మీంచి జారిపోయింది. ఐదు కుర్చీలు నేలకు కొట్టుకున్నాయి. ఎనిమిది మంది గాయపడ్డారు. ఆ లిఫ్టు 1975లో బోర్విగ్ కంపెనీ కట్టినది. దాన్ని తీసేసి కొత్తది పెట్టాలన్న ఆలోచన అప్పటికే ఉంది, మరుసటి ఏడాది పెట్టారు కూడా. ప్రమాదం జరిగిన రోజు గాలి బలంగా ఉంది. ఆ టవరు మీద తాడు వరుస తప్పుతోందని మెకానిక్‌లు పైకెక్కి సరిచేస్తుండగానే అది జారింది.

మార్పు ఖాయమైన లిఫ్టు విషయంలో అందరి నోటా వచ్చే మాట ఒకటుంది: "ఎలాగూ తీసేస్తున్నాం కదా, ఇప్పుడు దీనికి డబ్బెందుకు?" కప్పీలకు వేసే కొత్త రబ్బరు లైనర్లు కొనరు, బేరింగులు వచ్చే ఏడాదికి వాయిదా వేస్తారు, మంచి మెకానిక్‌లను కొత్త లిఫ్టు పనికి పంపేస్తారు. జనం మాత్రం ఎప్పటిలాగే ఎక్కుతుంటారు. అందుకే పాత లిఫ్టుకు అన్నిటికంటే కఠినమైన తనిఖీ చివరి సీజన్ ముందు జరగాలంటాను. డబ్బు తక్కువైతే ఏ పరీక్ష ముందు, ఏది తర్వాత అన్నదే ఇవాళ్టి విషయం.

మొదటి స్థానం బ్రేకులది. లెక్క చూడండి. 1,200 మీటర్ల పొడవు, 300 మీటర్ల ఎత్తు ఎక్కే ఇద్దరు కూర్చునే లిఫ్టు అనుకుందాం. 15 మీటర్లకో కుర్చీ అంటే ఎక్కే వైపు 80 కుర్చీలు. అమెరికా ప్రమాణం ఏఎన్‌ఎస్‌ఐ బి77.1 ఒక్కో మనిషికి 77 కిలోలు లెక్క కడుతుంది. అంటే 12,320 కిలోల మనుషులు. కుర్చీల సొంత బరువు రెండు వైపులా సమానం కాబట్టి దాన్ని వదిలేయవచ్చు. వాలు నాలుగింట ఒకటి గనుక, దాదాపు మూడు టన్నుల బలం తాడును ఎప్పుడూ వెనక్కి లాగుతూనే ఉంటుంది. మోటారు ఆగి, బ్రేకు పట్టలేదా, లిఫ్టు తనంతట తాను నెమ్మదిస్తుంది, ఒక్క క్షణం నిలుస్తుంది, ఆపైన వెనక్కి పరుగెత్తుతుంది. 2018 మార్చిలో జార్జియా దేశంలోని గుదౌరిలో ఇలాగే లిఫ్టు వెనక్కి తిరిగి, కింది స్టేషన్లో కుర్చీలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అదేమీ ముసలి లిఫ్టు కాదు, 2007లో కట్టినదే. పాతదానికి ఈ ప్రమాదం ఇంకా దగ్గర.

కాబట్టి మోటారు షాఫ్టు మీది సర్వీసు బ్రేకు, తాడును తిప్పే పెద్ద చక్రం అంచును పట్టే ఎమర్జెన్సీ బ్రేకు, వెనక్కి తిరగకుండా అడ్డుపడే కొక్కెం, ఈ మూడింటినీ విడివిడిగా పరీక్షించాలి. రెండు బ్రేకులూ కలిపి వేసి "ఆగింది" అని రాసుకుంటే ఏ బ్రేకు పని చేసిందో తెలియదు. ముందు లిఫ్టు ఆపి ఉంచి, బ్రేకు వేసి, మోటారుతో దాన్ని నెట్టి చూడాలి. ఎన్ని ఆంపియర్ల దగ్గర చక్రం జారిందో రాసుకుని పాత రికార్డుతో పోల్చాలి. అంకె తగ్గిందంటే స్ప్రింగు దొంతరలో ఒక బిళ్ల పగిలి ఉండవచ్చు, గేర్‌బాక్స్ సీలు నుంచి నూనె కారి బ్రేకు పలకల మీద పడి ఉండవచ్చు. పాత లిఫ్టుల్లో ఈ రెండోది మహా మామూలు. పలకలు తుడిచి సరిపెట్టకండి, సీలు మార్చండి.

తర్వాత బరువుతో పరీక్ష. కొత్త లిఫ్టుకు డిజైన్ బరువులో, అంటే మోసేందుకు లెక్కగట్టిన పూర్తి బరువులో, 110 శాతం పెడతారు. నడుస్తున్నదానికి ఏడేళ్లు మించకుండా బరువు పరీక్ష జరగాలని బి77.1 చెబుతుంది. ఆ గడువు చివరి సీజన్లో పడితే చాలామంది పొడిగింపు అడుగుతారు. ఇవ్వకూడదు. పాతదానికి డిజైన్ బరువు చాలు. మన ఉదాహరణలో కుర్చీకి 154 లీటర్ల నీళ్లు, మొత్తం సుమారు 12,300 లీటర్లు. గడ్డకట్టే చలి రాకముందే, శరత్కాలంలోనే చేయాలి. డ్రమ్ములు సీటుకు కట్టి, ఎక్కే వైపు నిండుగా, దిగే వైపు ఖాళీగా ఉండేలా నిలపాలి. కింద ఎవరూ ఉండకూడదు. ముందు నిదానమైన వేగంతో కొక్కెం పడుతుందో లేదో చూసి, అప్పుడే పూర్తి వేగానికి వెళ్లాలి.

ఖాళీ లిఫ్టు మీద కూడా పరీక్ష తప్పనిసరి. నిండుగా ఉన్నప్పుడు గురుత్వాకర్షణ సాయం చేస్తుంది, ఖాళీగా ఉన్నప్పుడు మొత్తం పని బ్రేకుదే. సెకనుకు 2.5 మీటర్ల వేగం నుంచి సెకనుకు అర మీటరు చొప్పున తగ్గిస్తే 6 మీటర్లు దాటి, అయిదు సెకన్లలో ఆగుతుంది. రెండు మీటర్లలోనే ఆగిందంటే అది గొప్ప బ్రేకు కాదు, ప్రమాదకరమైన బ్రేకు. కుర్చీలు ఊగుతాయి, తాడు ఎగురుతుంది, కుర్చీలను తాడుకు పట్టి ఉంచే గ్రిప్పులు జారతాయి. 1995 డిసెంబరు 23న కెనడాలోని విస్లర్‌లో క్విక్‌సిల్వర్ లిఫ్టు అత్యవసరంగా ఆగినప్పుడు గ్రిప్పులు పట్టు తప్పాయి, కుర్చీలు జారి ఒకదాన్నొకటి గుద్దుకుని కింద పడ్డాయి. ఇద్దరు చనిపోయారు.

ఇక తాడు. ఆరు పేటల ఉక్కు తాడులో పైకి కనిపించే తీగలు తెగితే కన్ను పట్టుకుంటుంది. లోపలి గుండె నలిగి కుంచించుకుపోతే పేటలు ఒకదానితో ఒకటి రాసుకుంటాయి, తీగలు లోపలే తెగుతాయి. దానికే అయస్కాంత పరీక్ష. రెండు ముక్కల పరికరాన్ని తాడు చుట్టూ బిగించి, తాడు మొత్తం దాని గుండా నెమ్మదిగా నడిపిస్తే లోహం ఎక్కడ తగ్గిందో, తీగ ఎక్కడ తెగిందో గీతలుగా వస్తుంది. గ్రిప్పు బిగించి ఉన్న చోటును ఆ పరికరం దాటలేదు. సరిగ్గా ఆ గ్రిప్పు కిందే తీగలు ఎక్కువ తెగుతాయి. కాబట్టి కుర్చీలు దింపి పరీక్షించమని గట్టిగా అడగండి. తాడు కొసలు కలిపి అల్లిన అతుకు దగ్గర గీతలు గజిబిజిగా వస్తాయి. అతుకు పొడవు తాడు మందానికి కనీసం 1,200 రెట్లు, అంటే 40 మిల్లీమీటర్ల తాడుకు 48 మీటర్లు. ఆ 48 మీటర్లూ గ్రీజు తుడిచి, కాలిపర్‌తో మందం కొలుస్తూ, కంటితో చూడాల్సిందే. పిడుగు పడిన మచ్చ ఉంటే అక్కడి తీగ గాజులా పెళుసుబారి ఉంటుంది.

బరువు దిమ్మతో బిగువు పెట్టే లిఫ్టుల్లో ఆ దిమ్మను మోసే తాడును చాలామంది మరచిపోతారు. అది రోజూ ఒకే చోట కొద్దిగా వంగుతూ, లేస్తూ ఉంటుంది కాబట్టి అక్కడే అలసిపోతుంది. దిమ్మ వేలాడే గుంతలో నీళ్లు చేరి గడ్డకట్టి దిమ్మ కదలకపోతే బిగువు లెక్కంతా తప్పుతుంది.

గ్రిప్పులు, కుర్చీలను వేలాడదీసే ఉక్కు చేతులు, వెల్డింగులు: రంగు పూర్తిగా తీసి, అయస్కాంత పొడితో పగుళ్లు వెతకాలి. ఏటా ఐదో వంతు గ్రిప్పులు పరీక్షించడం అమెరికాలో మామూలు పద్ధతి. చివరి సీజన్‌కు నా సలహా, మిగిలిన వాటా మాత్రమే కాదు, ఒక్కదానిలో పగులు కనిపించినా అన్నీ చూడండి. రిబ్లెట్ అనే కంపెనీ లిఫ్టుల్లో గ్రిప్పు తాడును బయటి నుంచి పట్టదు, క్లిప్పు తాడు పేటల మధ్యలోకి దూరి ఉంటుంది. బయట నుంచి చూసి బాగుందనడానికి వీల్లేదు. ఆ కంపెనీ మూతపడింది, బోర్విగ్ కూడా లేదు. విడిభాగాన్ని స్థానిక వర్క్‌షాపులో చేయిస్తే ఏ ఉక్కో, ఎలా పదును పెట్టారో కాగితం ఉండాలి. అది లేని ముక్కను బిగించకండి.

టవర్ల మీద కప్పీల రబ్బరు అరుగుదల, బేరింగు శబ్దం, వరుస చూడండి. తాడు జారితే విరిగి లిఫ్టును ఆపే పెళుసు కడ్డీల సర్క్యూట్‌ను ప్రతి టవరు దగ్గరా విడిగా తెరిచి పరీక్షించండి. ఒక టవరు చూసి మిగతావి సరే అనుకోకూడదు. పునాది బోల్టుల తుప్పు, ఆపద్ధర్మ ఇంజను, జనాన్ని తాళ్లతో దింపే సాధన కూడా జాబితాలో ఉండాలి.

కంట్రోలు గదిలో వెతకాల్సింది అడ్డదారి తీగలను. సెన్సరు ఊరికే లిఫ్టును ఆపేస్తోందని ఎవరో దాన్ని దాటవేసి ఉంటారు. ఇటలీలోని మొత్తరోనే రోప్‌వేలో 2021 మే 23న లాగుడు తాడు తెగింది. చీటికిమాటికి పడుతోందని అత్యవసర బ్రేకుకు ఇనుప ఫోర్కులు పెట్టి పట్టకుండా చేశారు. 14 మంది చనిపోయారు. ఊరికే ఆగుతున్న లిఫ్టు ఏదో చెబుతోంది. కారణం దొరికేదాకా జనాన్ని ఎక్కించకండి.

ఫలితాలు అంతంతమాత్రంగా వస్తే లిఫ్టును మూసేయడమో, పూర్తిగా నడపడమో రెండే దారులని అనుకోనక్కర్లేదు. వేగం తగ్గించవచ్చు, కుర్చీ విడిచి కుర్చీ ఎక్కించి బరువు సగం చేయవచ్చు, గాలి పరిమితిని కిందికి దించవచ్చు. కానీ కొక్కెం పట్టకపోతే, గ్రిప్పులో పగులుంటే, తాడు లోహం పరిమితికి మించి తగ్గితే ఈ సర్దుబాట్లు ఏవీ చాలవు. ఆ సీజన్ ఆ లిఫ్టుకు లేదు.

కూల్చే రోజున ఇంకో పని ఉంది. పాత లిఫ్టులు చాలాసార్లు చిన్న స్కీ కొండలకు సెకండ్‌హ్యాండ్‌గా అమ్ముడుపోతాయి. పగిలిన గ్రిప్పులను, తిరస్కరించిన షాఫ్టులను గ్యాస్‌తో రెండు ముక్కలుగా కోసి తుక్కుకు వేయండి, రంగుతో గుర్తు పెట్టి వదిలేయకండి. మిగిలిన భాగాలతో పాటు తాడు గీతల రికార్డు, బ్రేకు అంకెలు, గ్రిప్పు నంబర్ల వారీ పరీక్షా పత్రాలు కొన్నవాళ్ల చేతికి వెళ్లాలి.